తలకట్టు పెట్టిన బ

నరుకూరు దాటినాక బస్సు సగం రోడ్డు మీదే నడుస్తుంది. మిగతా సగం వడ్లది.

మార్చి నెల. కోత మిషన్లు పొలంలోంచి తెచ్చి పోసిన పచ్చి వడ్లు తారు మీద బారుగా ఆరబోసి ఉన్నాయి. టైర్లు ఎక్కకుండా అంచు పొడుగునా రాళ్ళు, తాటిమట్టలు, ఒకచోట కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. డ్రైవరు హారన్ కొట్టడు, విసుక్కోడు. ఎదురుగా ట్రాక్టరొస్తే ఆగి, దాన్ని పోనిచ్చి, మళ్ళీ తన సగంలోనే కదులుతాడు. కోతల కాలంలో ఈ దారికి ఇదే రూలు. కిటికీలోంచి పచ్చి వడ్ల వాసన కొడుతోంది. దాంతోపాటే మెడ మీద దురద పుట్టించే నూగు.

ఒకామె మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి వడ్లలో పోతోంది. నడక కాదు అది. పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ పోవడం. వెనకాల నాగలి తోలినట్టు రెండు సాళ్ళు పడుతున్నాయి. ఈ పని నాకొచ్చు, అత్త నేర్పింది. "పాదం ఎత్తబాక. ఎత్తితే వడ్లు చెదురుతాయి. ఈడ్చు." గంటకోసారి నిలువుగా, తర్వాత గంటకి అడ్డంగా. పొద్దు వాలేముందు ఒక గింజ తీసి పంటి కింద పెట్టేది. టక్కుమని విరిగితే ఎత్తుకోవచ్చు. మెత్తగా నలిగిందా, ఊసేసి "ఇంకో ఎండ కావాల్రా అబ్బయా" అనేది. తేమ కొలిచే మిషను వచ్చినాక కూడా ఆమె పన్నే నమ్మింది. మిషను కొనేవాడిది కదా అనేది.

అత్త పోయి ఇవాళ్టికి పదో రోజు. మట్టికి నేను అందలేదు. ఆ రాత్రికి చేరి, తెల్లారి వెళ్ళిపోయి, మళ్ళీ ఇప్పుడు, రేపటి ఉత్తరక్రియలకి వస్తున్నాను.

తోటపల్లి గూడూరులో బస్సు దిగగానే ఎదురుగా అత్తే. కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో, నీలం మబ్బుల మధ్య, రెండు పావురాలకి నడుమ. ఆధార్ కార్డు ఫొటోని పెద్దది చేయించినట్టున్నారు. ఆ ఫొటోలో ఎవరు మాత్రం తమలాగా ఉంటారు? ఊపిరి బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసి, ఏదో తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా చూస్తోంది. బతికుండగా ఎవరికీ అలా దొరికింది లేదు.

ఇంటి ముందు షామియానా గుంజలు పాతుతున్నారు. నాయన అరుగు మీద కూర్చుని ఆ గుంతలకేసి చూస్తున్నాడు. అత్త ఆయనకి మూడేళ్ళు పెద్ద. పై వీధిలో పుట్టి కింది వీధిలో కాపురం చేసిన మనిషి, కాబట్టి ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి మా నాయన రోజుకోసారైనా ఈ అరుగెక్కి ఉంటాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు.

"తిన్న్యావా?"

"తిన్నా నాయనా."

అంతే. మా ఇంట్లో దుఃఖం ఈ రెండు మాటల్లోనే అటూ ఇటూ తిరుగుతుంది.

చీకటి పడింది. వచ్చే చుట్టాలు వస్తున్నారు, పొయ్యేవాళ్ళు పొద్దున వస్తామని చెప్పి పోతున్నారు. రాత్రి పదయ్యేసరికి మనుషుల గొంతులు తగ్గి రొయ్యల గుంటల చప్పుడు పైకొచ్చింది. ఊరికి తూర్పున, బకింగ్‌హాం కాలవ దిక్కుగా, గుంటల్లో ఏరియేటర్లు తిరుగుతుంటాయి. నీళ్ళని అదే పనిగా చెంపలు కొడుతున్నట్టు ఉంటుంది ఆ శబ్దం. దక్షిణాన కృష్ణపట్నం రేవు దీపాలు ఆకాశానికి అడుగున పసుపు పూసినట్టు. నా చిన్నప్పుడు ఈ రెండూ లేవు. రాత్రయితే కప్పలు, గాలి తిరిగితే సముద్రం. అంతే వినపడేది.

"బావా, ఒకసారి రా," అని లోపల్నించి పిలిచాడు మా బావ. అత్త కొడుకు. "అమ్మ పెట్టె తియ్యాల. సొసైటీ లోను కాయితాలు దాంట్లోనే ఉండాయి."

తాళంచెవి అతని భార్య దగ్గరుంది. ఆమె నాకు వరసకి చెల్లెలు. ఆ తాళం అత్త కొంగు ముడిలోంచి విప్పి తీసిందట. ఇప్పుడు తన కొంగుకి ముడేసుకుంది, కానీ ఇంతవరకు పెట్టె తెరవలేదు. తాళం తిప్పుతుంటే రేకు కిర్రుమంది. కలరా ఉండల వాసన గుప్పున లేచింది. పైన పెళ్ళినాటి పట్టుచీర. దాని కింద మూడు కొత్త చీరలు, మేం పెట్టినవే, మడత విప్పలేదు. పాస్‌బుక్కు, లోను కాయితాలు ఒక ఎరువుల కంపెనీ ప్లాస్టిక్ సంచిలో. అన్నిటికన్నా అడుగున, చీర పీలికతో నిలువూ అడ్డం కట్టిన నోటు పుస్తకాల కట్ట.

బావ కాయితాలు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను పీలిక విప్పాను.

పై పుస్తకం అట్ట మీద బావ పేరు, ఎనిమిదో తరగతి, సాంఘిక శాస్త్రం. తెరిస్తే అశోకుడు, కళింగ యుద్ధం. బావ చదువు ఎప్పుడూ సగం పుస్తకం దాకానే నడిచింది. అదే పుస్తకాన్ని తిరగేసి, తల్లకిందులు చేసి వెనక నుంచి తెరవండి. అక్కడి నుంచి అత్త మొదలవుతుంది. పదకొండు పుస్తకాలు, అన్నీ అంతే. ముందు వైపు పిల్లలవి, మనవళ్ళవి. వెనక వైపు ఆమెవి. ఒక్క పుస్తకం కూడా డబ్బు పెట్టి కొన్నది కాదు.

బర్రె పొద్దున 3 సాయింత్రం 2. దూడకి బాగలా.

వడ్లు 4 పుట్లు. బస్తా 1 తక్కవ. కాటా ఆయన అబద్దం.

ఇలా ఉంటాయి. పుట్టి అంటే మా దగ్గర 850 కిలోలు. ఒక బస్తా తగ్గితే ఎవడు తిన్నాడో ఆమె పేరు రాసుకోదు, పని రాసుకుంటుంది. అక్షరాలు పెద్దవి, గీత దాటి పైకీ కిందికీ పోతాయి. వేలితో దుమ్ములో రాసినట్టు నొక్కి నొక్కి రాసింది, వెనక పేజీ మీద తడిమితే తగులుతాయి. ప్రతి "బ" మీదా ఒక తలకట్టు. బర్రెకి, బస్తాకి, అబద్దానికి, బజారుకి, బడికి. తెలుగులో ఎక్కడా లేని అక్షరం అది.

ఆ అక్షరం నాది.

1951లో పుట్టిన మనిషి అత్త. అప్పటికి 28 ఏళ్ళ ముందే, 1923లో, నెల్లూరులో ఆడపిల్లల కోసమని పొణకా కనకమ్మ కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. నెల్లూరు మాకేం దేశాంతరం కాదు, ఎద్దుల బండి కట్టుకుని పొద్దున పోయి సాయంత్రానికి వచ్చే దూరం. కానీ అత్తకి ఊళ్ళో బడే దూరం. రోజూ బడికి పోయింది, లోపలికి మాత్రం పోలేదు. తమ్ముణ్ణి చంకనేసుకుని తీసుకుపోయి, వాణ్ణి లోపల కూర్చోబెట్టి, తను బయట గోడకి ఆనుకుని కూర్చునేది. వాడు ఏడిస్తే పట్టుకోవాలి కదా, అందుకు. లోపల పిల్లలు ఎక్కాలు వల్లించేవాళ్ళు, బయట ఈమె వల్లించేది. ఇరవయ్యో ఎక్కం దాకా నోటికి వచ్చు. పదిహేడు ఎనిమిదులు ఎంత అంటే టక్కున చెప్పేది, ఏడు అంకె ఎట్టా వేస్తారో తెలీదు. లోపల కూర్చున్న ఆ తమ్ముడే ఇప్పుడు అరుగు మీదున్న మా నాయన.

1991లో మా జిల్లాకి అక్షరదీపం వచ్చింది, పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పే ఉద్యమం. అప్పటి జనాభా లెక్కల్లో రాష్ట్రంలో చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి 33 మంది కూడా లేరు. కళాజాతా వాళ్ళు డప్పులతో వచ్చి పాటలు పాడిపోయారు. తర్వాత పలకలు, బలపాలు, వాచకాలు వచ్చాయి. ఇంటరు చదివే మా అక్క వాలంటీరు. జీతం లేదు. రాత్రి అన్నాలయినాక మా పంచలో లాంతరు పెడితే పద్నాలుగు మంది ఆడవాళ్ళు, నాట్లేసి వచ్చి వొంగిన నడుములతో, పలకలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. సగం మంది కునికేవాళ్ళు. బలపం పట్టుకుంటే చెయ్యి వణికేది. కొడవలికి వణకని చెయ్యి.

అక్క పరీక్షలకని నెల్లూరు పోయిన వారం, పంతులు నేను. ఆరో తరగతి. నాకు తలకట్లంటే ఇష్టం. దేనికి ఉండాలో దేనికి అక్కర్లేదో పట్టించుకోకుండా అన్నిటికీ పెట్టేవాణ్ణి, మా అయ్యవారు కూడా కొట్టి కొట్టి విసిగిపోయాడు. ఆ వారం "బ" వచ్చింది. పెట్టాను. పద్నాలుగు పలకల మీదా పెట్టించాను.

అక్క తిరిగొచ్చి తల కొట్టుకుని, ఒక్కొక్కరి చెయ్యి పట్టి దిద్దించింది. పదమూడు మంది మార్చుకున్నారు. అత్త మార్చుకోలేదు.

"తప్పు అత్తా, బకి తలకట్టుండదు."

"నా మేనల్లుడు ఉంటదన్నాడు. పంతులు మారినప్పుడల్లా అచ్చరం మారతాదా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. తర్వాత పేపరు చదివింది, బస్సు బోర్డులు చదివింది, రేషన్ కార్డు చదివింది. వాటిల్లో ఎక్కడా తన "బ" లేదని ఆమెకి తెలీదనుకోను. ముప్ఫై మూడేళ్ళు తెలిసే రాసింది.

రెండో పుస్తకంలో ఒక పేజీ నిండా మాటల్లేవు. నిలువు గీతలు, ఐదేసి చొప్పున అడ్డంగా కొట్టినవి. ఒక్కో గీత మామ తాగిన ఒక్కో సారా ప్యాకెట్టు. వారుణివాహిని పేరు పెట్టి సర్కారే ప్యాకెట్లలో నింపి ఊరూరికీ అమ్మించిన సారా అది. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం వచ్చింది. ఆ పాఠం నాటి రాత్రి మాత్రం పంచలో ఎవరూ కునకలేదు. 1992లో కలిగిరి దిక్కున దూబగుంటలో ఆడవాళ్ళు సారా అమ్మకం ఆపించారని తెలిసింది, జిల్లా అంతా అంటుకుంది. మా వీధిలోనూ పోయారు, కొట్టు ముందు కూర్చున్నారు. పొరకలూ కారం పొట్లాలూ పట్టుకున్న వాళ్ళ మధ్య అత్త చేతిలో ఈ పుస్తకం. మామ అక్కడే ఉన్నాడు. పేరు చదవలేదు, తిట్టలేదు. గీతలు లెక్కపెట్టి మొత్తం ఎంతో పైకి చెప్పి కూర్చుంది. మామ లేచి ఇంటికి వచ్చేశాడు. 1993 ఏప్రిల్లో జిల్లాలో సారా బందయింది, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. ఆ తర్వాత ఈ పుస్తకంలో గీతలు లేవు. అంటే మామ మానేశాడని కాదు. వేరేవి తాగాడు, అవి ఆమె లెక్క పెట్టలేదు. ఎందుకో నాకు తెలీదు, అడగలేదు.

మూడు, నాలుగు పుస్తకాలు రొయ్యలవి. త్వరగా తిప్పేశాను. టైగర్ రొయ్యకి రేటు, కౌలు, పిల్ల, మేత. తర్వాత "మచ్చ వచ్చింది". ఆ తర్వాత రెండు పేజీలు ఖాళీ.

ఐదో పుస్తకంలో: 26-12-2004 ఆదివారం. సముద్రం పైకొచ్చింది. బర్రెలు బాగుండాయి. కోడూరు తట్టునించి వచ్చినోళ్ళకి బస్తా బియ్యం. పాత చీరలు 6.

మళ్ళీ కిందే: బర్రె పొద్దున 2. బెదిరింది.

నాయన ఎప్పుడు వచ్చాడో, నా వెనక నిలబడి ఉన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని కింద కూర్చున్నాడు. ఒక పుస్తకం తీసుకుని, లైటుకి దగ్గరగా పట్టుకుని, చదవడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి.

"నాకెప్పుడూ చూపించలే," అన్నాడు కాసేపటికి. ఇంకాసేపటికి, "ఇదేందిరా, బకి తలకట్టు?"

చెప్పాను. పంచలో లాంతరు, పద్నాలుగు పలకలు, అక్క దిద్దించడం. నాయన ఆ పంచలోనే, రెండు గజాల దూరంలో మంచమేసుకుని పడుకునేవాడు. పొద్దున్నే మోటరు వెయ్యాలని తొందరగా నిద్రపోయేవాడు. ఆ సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఉన్నట్టుండి నిటారుగా కూర్చున్నాడు.

"ఇచ్చినానే!"

"ఏంది నాయనా?"

వేలు పెట్టి చూపించాడు. తమ్ముడు 500 బదులు. ఇయ్యలా. 1998 జూన్ తేదీ.

"ఇచ్చినా. ఎడగారు వడ్లు అమ్మినాక ఇచ్చినా. ఈడనే, ఈ గడప కాడ. ఆమె పొయ్యి కాడుండాది, నేను..." ఆగాడు. లెక్క వేసుకుంటున్నాడు. "ఇచ్చినా మరి," అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. ఎవరితో వాదిస్తాం? పుస్తకం మూసి, లేచి, అరుగు మీదికి పోయాడు. ఐదు నిమిషాలకి తిరిగొచ్చి, బనియన్ జేబులోంచి ఐదొందల నోటు తీసి, ఆ పేజీలో పెట్టి, మళ్ళీ మూసి పోయాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

నేను చివరి పుస్తకం తీశాను. దీనికి ముందు వైపు మనవరాలి కంప్యూటర్ నోట్సు. వెనక వైపు పాలు తగ్గి మందులు పెరిగాయి. అక్కడక్కడా నేను. "అబ్బయ" అని రాసేది నన్ను. ఒత్తున్నా సరే, దాని మీదా తలకట్టే.

అబ్బయ వచ్చినాడు. 2 రోజులు.

అబ్బయ ఫోన్.

అబ్బయ రాలా. పండగ.

అబ్బయ వస్తానన్నాడు. మామిడికాయ తెంపలా.

పాల లెక్కకీ మందుల లెక్కకీ మధ్య, అదే సైజులో, అదే నొక్కుతో. నేనెప్పుడొచ్చినా ఆమె చేపల పులుసు ముందు రోజే చేసి పెట్టేది. పులుసు పొద్దుమారితేనే పులుసు అనేది. దాంట్లోకి మామిడికాయ ముక్క కావాలి. తెంపకుండా ఉంచిన ఆ కాయ ఏమైందో పుస్తకంలో లేదు.

పన్నెండు దాటింది. ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి.

పొద్దున ఆరింటికి వంటోళ్ళు వచ్చారు. పెరట్లో ఇటుకలు పేర్చి, గాడిపొయ్యి తవ్వి, డేగిసాలు దించారు. వంట మేస్త్రి లుంగీ మడిచి కట్టి, చెవిలో పెన్ను పెట్టుకుని బావ కోసం చూస్తున్నాడు. బావ గుండు చేయించుకుని తడి పంచెతో కాలవ గట్టు నుంచి అప్పుడే వచ్చాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు.

"ఎంతమంది సామీ?"

"రెండొందల యాభై ఉంటారేమో."

"ఏమో అంటే ఎట్ట? బియ్యం ఎంత పొయ్యాల? అప్పడాలు ఎన్ని? పెరుగుకి చెప్పినారా?"

బావ నాకేసి చూశాడు. నేను చెల్లెలికేసి చూశాను. ఆమె ఒక నిమిషం ఆలోచించి లోపలికి పోయి ఆ కట్ట తెచ్చింది. ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఆరో పుస్తకం తీసి, తిరగేసి, నేరుగా ఆ పేజీ దగ్గర తెరిచింది. 2009. మామ పోయిన సంవత్సరం.

ఆయన కర్మంతరం. 300 అనుకుంటిమి. 260 వచ్చిరి.

బియ్యం 40 కిలో. 6 మిగిలినయ్.

కందిపప్పు 8 చాలింది.

వంకాయ 25 చాలింది. పుచ్చులు 2 కిలో, బజారు ఆయన మోసం.

అప్పడాలు 600. సగం మిగిలినయ్. ఇంకోసారికి 400 చాలు.

పెరుగు చాలలా. ఇంకోసారికి ఎక్కవ చెప్పాల.

చెల్లెలు పైకి చదువుతుంటే మేస్త్రి అట్ట ముక్క మీద రాసుకుంటున్నాడు. "ఇంకోసారికి" దగ్గర ఆమె గొంతు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది. బావ తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"బియ్యం ముప్ఫై నాలుగు కిలోలు పోద్దాం," అన్నాడు మేస్త్రి. "లెక్క బలే కరెట్టుగా ఉండాదే. ఎవురు రాసినారిది?"

"మా అమ్మ."

మేస్త్రి ఫ్లెక్సీ ఉన్న దిక్కుకి ఒకసారి చూసి, చెవిలో పెన్ను పెట్టుకుని పొయ్యి కాడికి పోయాడు.

మధ్యాహ్నం మూడున్నరకి ఆఖరి పంక్తి లేచింది. విస్తళ్ళు ఎత్తేశారు. పెరట్లో నీళ్ళు కొట్టి కడుగుతున్నారు, కాకులు గోడ మీద బారుగా కూర్చున్నాయి. నాయన ఆఖరి పంక్తిలో తిని, వడ్లు ఎత్తేవాళ్ళు లేరని రోడ్డు మీదికి పోయాడు. చెల్లెలు డేగిసాల మూతలు తీసి ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి, నా జేబులోంచి పెన్ను తీసుకుంది. గడప మీద కూర్చుని, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, అదే పేజీలో కింద మిగిలిన జాగాలో రాసింది. డిగ్రీ చదివిన అమ్మాయి, చక్కటి రాత.

పెరుగు చాలింది. అప్పడాలు 22 మిగిలాయి.

తేదీ వేసింది. పుస్తకాన్ని పెట్టెలో పెట్టలేదు. వంటింట్లోకి తీసుకుపోయి, అలమరలో ఉప్పు డబ్బా పక్కన పెట్టింది.